పొడవు మారిన లారీకి ప్రొపెల్లర్ షాఫ్టు

అనంతపురం పీఠభూమిలో సాలీనా సగటున కురియు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందుచేత బోరు త్రవ్వు యంత్రమును మోసికొని వచ్చు లారీకై, నీరు తెచ్చు ట్యాంకరుకై ఇచటి గ్రామములు వేసవిలో ఎదురుచూచుచుండును. ఇట్టి పనులకై కర్మాగారము నుండి వచ్చిన లారీ చట్రమును పొడిగించినను, కురుచ చేసినను ప్రొపెల్లర్ షాఫ్టును కూడ మార్చవలసివచ్చును. చూచుటకు సులభముగ తోచు ఈ పనిలోని మెలకువలను ఇచట వివరింపదలచితిమి.

గేరు పెట్టె నుండి వెనుక ఇరుసునకు శక్తిని అందించు బోలు ఉక్కు గొట్టమే ఈ షాఫ్టు. గేరు పెట్టె చట్రమునకు బిగింపబడి యుండును. ఇరుసు కమాను పట్టీలపై ఎగిరిపడుచుండును. ఈ కదలికకు వీలుగ గొట్టమునకు రెండు చివరల క్రాసు కీళ్లు, ఒకచోట ముందు వెనుకలకు జారు కూర్పు ఉండును. లారీ తన చక్రములపై నిలిచియున్నపుడే కొలత తీయవలెను. జారు కూర్పునకు ఇరువైపుల చోటు మిగులవలెను. లోనికి చోటు చాలనిచో గతుకులలో షాఫ్టు బేరింగులను క్రుమ్మును. కూర్పు మరీ వెలుపలికి వచ్చియున్నచో ఊడిపోవును.

రెండవది కీళ్ల అమరిక. 17వ శతాబ్దమున రాబర్ట్ హుక్ పరిశీలించిన ఈ కీలునకు ఒక గుణము కలదు. వంగి తిరుగునపుడు ఒక వైపు సమవేగముగ తిరిగినను, రెండవ వైపు ప్రతి చుట్టులో రెండు మార్లు వేగము హెచ్చి, రెండు మార్లు తగ్గును. ఈ హెచ్చుతగ్గులను రెండవ కీలు సరిదిద్దవలెను. అందుకు గొట్టము రెండు చివరల యోకులు ఒకే తలములో ఉండవలెను. రెండు కీళ్ల వంపును సమానముగ ఉండవలెను. కోయుటకు ముందే గొట్టము పొడవునా గీత గీచి, అతుకునపుడు ఆ గీతను కలుపుట మంచి పనివాని లక్షణము.

మూడవది తూకము. నిమిషమునకు 2000 చుట్లు తిరుగు షాఫ్టుపై, నడిమి నుండి 5 సెంటీమీటర్ల దూరమున 50 గ్రాముల వెల్డింగు లోహము ఒక వైపున హెచ్చుగ నిలిచినచో, అది సుమారు 11 కిలోల బరువుతో సమానముగ గొట్టమును లాగును. కనుక లేతుపై వంకర సరిచూచిన పిదప బ్యాలెన్సింగు యంత్రముపై త్రిప్పి చూడవలెను.

పొడవునకు కూడ హద్దు కలదు. అదే గొట్టము పొడవు రెట్టింపైనచో, అది విల్లువలె వంగి ఊగు వేగము నాల్గవ వంతునకు దిగజారును. అట్టిచో షాఫ్టును రెండు భాగములు చేసి, నడుమ సెంటర్ బేరింగుతో చట్రమునకు వ్రేలాడదీయుదురు.

ఇవి ఉపేక్షింపదగినవి కావు. ముందు కీలు తెగి గొట్టపు కొన నేలకు గ్రుచ్చుకొనినచో, పరుగెత్తు లారీ బోల్తాపడవచ్చును. గొట్టము చుట్టు ఇనుప కట్టు అమర్చినచో అది క్రిందపడక ఆగును. వాహనపు మార్పులకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను హద్దులు విధించినది. కావున కోతకు పూనుకొనక ముందే రవాణా కార్యాలయమున విచారింపవలెను. పని ముగిసిన పిమ్మట ఒకానొక వేగమున నేల అదరినను, బయలుదేరునపుడు టక్కుమని చప్పుడైనను, లారీని బరువుతో దూరగ్రామములకు పంపక, మరల విప్పించి చూపుడని యజమానులకు మా సూచన.