పాలు పడలేదన్న దిగులు వద్దు

కాన్పైన తొలి రెండు మూడు రోజులు తల్లికి వచ్చేవి చిక్కని ముర్రుపాలు. అవి కొద్దిగానే ఉన్నా, మారుకు ఒకటి రెండు చెంచాలతో కడుపు నిండే పసికందుకు చాలుతాయి. తేనె, పంచదార నీళ్లు పట్టరాదు. వైద్యుల సలహా లేనిదే డబ్బాపాలూ వద్దు. బిడ్డ చీకిన కొద్దీ పాలు ఊరతాయి కనుక రాత్రింబవళ్లు కలిపి 8 నుండి 12 మార్లు పాలివ్వాలి.

చనుమొన నొప్పికి తరచు కారణం బిడ్డ మొనను మాత్రమే పట్టుకోవడం. నోరు బాగా తెరిచినప్పుడు, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోటిలోకి వెళ్లేలా బిడ్డను దగ్గరకు తీసుకోవాలి.

పుట్టింటికి దూరమైన బాలింతకు చూపించే పెద్దదిక్కు లేకపోతే, నగర ఆరోగ్య కేంద్రంలోని నర్సును అడగవచ్చు. అయిదవ రోజు నుండి రోజుకు 6 మార్లు మూత్రం పోస్తే, సాధారణంగా పాలు చాలుతున్నట్లే. బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా, ఒళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.