డేటాయా? డాటాయా?

మా రుద్రూరు ప్రాంతంలో ఈ రోజుల్లో ‘డేటా’ అనని నోరు లేదు. పరిశోధన స్థానంలో వరికీ చెరకుకూ డేటా. వడ్లు అమ్మబోతే కొనుగోలు కేంద్రంలో డేటా. ఫోనులో సినిమా నడుమ ఆగిందంటే డేటా అయిపోయిందన్నమాట! కాలేజీ పిల్లవాడు ‘డేటా’ అంటాడు. వాళ్ల చిన్నాయన ‘డాటా’ అంటాడు. పిల్లవాడు నవ్వుతాడు. నవ్వవలసిన పనేమీ లేదు. ఇంగ్లీషువారే రెండు విధాలా పలుకుతారు; వారి నిఘంటువులు రెంటినీ ఒప్పుకున్నాయి.

అసలు ఈ మాట వారి సొంత సొత్తు కాదు, లాటిను నుంచి తెచ్చుకున్నది. లాటినులో ‘దతుమ్’ అంటే ఇచ్చినది. దాని బహువచనం ‘దత’. ఆ దకార తకారాలు మనవాటిలాగే దంత్యాలు. ఇంగ్లీషువారి నాలుక పళ్లను వదిలి కాస్త పైకి జరిగింది. అది మన చెవికి డ, ట అయి వినిపించింది.

ఇక మన ఇంటి సంగతి చూడండి. సంస్కృతంలో ‘దా’ అంటే ఇచ్చుట. ‘దత్తము’ అంటే ఇచ్చినది. దానం, దాత, దత్తత అన్నీ ఆ కుదురులోవే. లాటినూ సంస్కృతమూ ఒకే మూలభాష సంతతి గనుక దత, దత్త దాయాదులు. తెలుగు మీడియంలో రేఖాగణితం చదివినవారికి ‘దత్తాంశము, సారాంశము, ఉపపత్తి’ గుర్తుండే ఉంటాయి. లెక్కలో ముందుగా ఇచ్చిన సంగతి దత్తాంశం. గ్రీకు పండితుడు యూక్లిడ్ ఇటువంటి దత్తాంశాల మీదనే ఒక గ్రంథం రాశాడు. దాని లాటిను పేరు ‘దత’! నేడు డేటాకు మనం వాడే తెలుగుమాట కూడా దత్తాంశమే.

ఇచ్చినది అన్నప్పుడు, ఎవరిచ్చారు, ఎవరిని అడిగి ఇచ్చారు అన్న ప్రశ్న రాక తప్పదు. 1800లో నిజాం బళ్లారి, కడప మొదలైన ప్రాంతాలను కంపెనీవారికి ధారాదత్తం చేశాడు. వాటికి ‘దత్తమండలాలు’ అని పేరు పడింది. అక్కడి ప్రజలను అడిగినవారు లేరు. అందుకే 1928లో నంద్యాల సభలో ఆ పేరు వదిలి ‘రాయలసీమ’ అనుకున్నారు.

ఇప్పుడు మన ఆధారు నంబరూ, ఫోను నంబరూ, పొలం వివరాలూ అన్నీ దత్తాలే. 2023లో పార్లమెంటు ఇందుకొక చట్టం చేసింది. సర్కారు పనులవంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, ఏ వివరం ఎందుకు కావాలో చెప్పి మన సమ్మతి పుచ్చుకోవాలన్నది అందులోని ముఖ్యసూత్రం. కనుక చిన్నాయన డాటా అన్నా, పిల్లవాడు డేటా అన్నా చిక్కు లేదు. ఇచ్చేముందు “ఎందుకయ్యా?” అని ఒక్కమాట అడగడం ఇద్దరూ నేర్చుకోవాలి.