జెనిత్ క్రోనోమాస్టర్ ఒరిజినల్: 1969 వాచీ నుంచి ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు?

లగ్జరీ వాచీల యాడ్స్‌లో ఈ మధ్య బాగా కనిపిస్తున్న మాట ‘వింటేజ్ ఇన్‌స్పైర్డ్’. పాతకాలపు డయల్ రంగులు, గుండ్రటి బటన్లు, ఒక లెదర్ బెల్టు పెట్టేస్తే చాలు, ధర లక్షల్లోకి వెళ్లిపోతుంది. ఆ పాత వాచీలో ఉన్న అసలు పనితనం కొత్తదానిలోకి వచ్చిందా, లేక పైపై రూపమే వచ్చిందా అన్నది చూడకుండా అంత డబ్బు పెట్టడం నాకైతే నచ్చదు. అందుకే ఈసారి 2021లో వచ్చిన జెనిత్ క్రోనోమాస్టర్ ఒరిజినల్‌ని తీసుకుని, దాని మూలమైన 1969 నాటి ఏ386 మోడల్‌తో పోల్చి చూద్దాం.

ముందు ఒక్క మాట. క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ, అంతే. పై బటన్ నొక్కితే మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది, కింది బటన్‌తో ముళ్లు సున్నాకి వస్తాయి.

1969కి ముందు క్రోనోగ్రాఫ్‌లన్నీ చేత్తో కీ ఇచ్చుకోవాల్సినవే. చేతి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ ఎవరు ముందు తెస్తారన్నది అప్పట్లో పెద్ద పోటీ. జనవరి 10న జెనిత్ ‘ఎల్ ప్రిమెరో’ని ప్రకటించింది. స్పానిష్‌లో ఆ పేరుకి అర్థమే ‘మొదటిది’. మార్చి 3న హోయర్, బ్రైట్లింగ్ ఉన్న బృందం తమ మెషిన్‌ని చూపించింది. అదే ఏడాది జపాన్‌లో సీకో తన 6139ని అమ్మకానికి పెట్టింది. అసలు మొదటిది ఎవరిదన్న గొడవ ఇప్పటికీ తేలలేదు, అది తేల్చే పని మనకొద్దు. అన్నట్టు, మన హైదరాబాద్ ఆల్విన్ వాచీలు తయారైంది ఈ సీకో సాంకేతిక సహకారంతోనే. ఇళ్లల్లో పాత ఆల్విన్ ఉన్నవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎల్ ప్రిమెరో గొప్పంతా వేగంలో ఉంది. మెకానికల్ వాచీలో బ్యాలెన్స్ వీల్ అటూ ఇటూ ఊగుతుంటుంది, టిక్ టిక్ శబ్దం దాని వల్లే. మనందరికీ తెలిసిన హెచ్ఎంటీ జనతాలో అది గంటకు 18,000 బీట్స్, అంటే సెకనుకు 5. ఇప్పటి మామూలు స్విస్ ఆటోమేటిక్‌లలో ఎక్కువగా 28,800, సెకనుకు 8. ఎల్ ప్రిమెరోలో 36,000, సెకనుకు సరిగ్గా 10. కాబట్టి సెకనులో పదో వంతు దాకా కొలవగలదు. కానీ 1969 వాచీలో ఆ పదో వంతుని చదవడం చాలా కష్టం. సెకన్ల ముల్లు నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది, డయల్ మీద గీతలు మరీ దగ్గరగా ఉంటాయి.

కొత్తదానిలో మార్చింది సరిగ్గా అదే. లోపల ఉన్న ఎల్ ప్రిమెరో 3600లో క్రోనోగ్రాఫ్ ముల్లు 10 సెకన్లకే ఒక చుట్టు తిరిగేస్తుంది. హైదరాబాద్‌లో ఒక షోరూమ్‌లో పెట్టుకుని చూశాను. బటన్ నొక్కగానే ముల్లు పరిగెత్తే తీరు చూస్తే ఎవరికైనా ఇంకోసారి నొక్కాలనిపిస్తుంది. పాత ఆలోచన యాభై ఏళ్ల తర్వాత పూర్తయినట్టుంది. సైజు మాత్రం పాతదే, 38 మిల్లీమీటర్లు. ఒకదానిమీద ఒకటి ఎక్కినట్టుండే లేత బూడిద, ముదురు బూడిద, నీలం డయళ్లూ పాతవే. నాలుగున్నర దగ్గర ఇరికించినట్టుండే డేట్ కూడా అలాగే ఉంచారు. అది నాకు పాతదాంట్లోనూ నచ్చలేదు.

ఇక పోయినవాటి సంగతి. ఏ386 అంచున టాకీమీటర్ స్కేల్ ఉండేది. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వైపు 65వ నంబర్ హైవే మీద కారులో పక్కసీట్లో కూర్చున్నారనుకోండి. ఒక కిలోమీటరు రాయి దగ్గర బటన్ నొక్కి, తర్వాతి రాయి దగ్గర ఆపండి. 45 సెకన్లయితే ముల్లు 80 మీద ఉంటుంది, అంటే గంటకు 80 కిలోమీటర్లు. 3600ని సెకన్లతో భాగించే లెక్కని స్కేలే చేసిపెడుతుంది. కొత్తదానిలో ఆ స్కేల్ తీసేసి పదో వంతుల స్కేల్ వేశారు. సెకన్లు మూడు దగ్గర చిన్న డయల్లో చూసుకుని, భాగహారం మీరే చేసుకోవాలి.

ఇంకొకటి, పాతదానిలో ఆరు దగ్గర 12 గంటల కౌంటర్ ఉండేది. కొత్తదానిలో అక్కడ 60 నిమిషాల కౌంటర్ ఉంది. వంద కిలోమీటర్ల పైచిలుకు ఉన్న ఇదే ప్రయాణానికి రెండు గంటలు పడితే పాత వాచీ చూపిస్తుంది, కొత్తది గంట దాటాక మళ్లీ మొదటికొస్తుంది. అన్ని లక్షల వాచీ ఆ పని చేయకపోవడం నాకు లోటుగానే అనిపించింది.

అయినా దీన్ని ఉత్త రూపం కాపీ అనలేకపోవడానికి కారణం ఇంకోటుంది. 1970ల్లో క్వార్ట్జ్ వాచీల దెబ్బకి స్విస్ కంపెనీలు వరసగా మూతపడుతుంటే, 1975లో జెనిత్‌ని నడుపుతున్న అమెరికన్ యాజమాన్యం మెకానికల్ తయారీ ఆపేసి యంత్రాలు అమ్మేయమంది. లె లొక్ల్ ఫ్యాక్టరీలో పనిచేసే షార్ల్ వెర్మో ఒప్పించడానికి ప్రయత్నించి, కుదరక, ఎల్ ప్రిమెరో పనిముట్లని రాత్రులు ఒక్కొక్కటిగా అటక మీదికి చేర్చి దాచేశాడు. ఏది దేనికో రాసి పెట్టుకున్నాడు కూడా. 1980ల్లో మళ్లీ మెకానికల్ వాచీలకి గిరాకీ వచ్చినప్పుడు ఆ అటకే దిక్కయింది. 1988 నుంచి 2000 దాకా రోలెక్స్ డేటోనా కూడా ఈ మెషిన్‌నే మార్పులు చేసి, 28,800కి తగ్గించి వాడుకుంది. అంటే కొత్త వాచీలో ఉన్నది ఆ మెషిన్ వంశమే.

పోలికకి ట్యాగ్ హోయర్ 2023లో తెచ్చిన 39 మిల్లీమీటర్ల కరెరా గ్లాస్‌బాక్స్ చూడండి. ఉబ్బెత్తు అద్దం, డయల్ 1960ల కరెరాని గుర్తుచేస్తాయి, లోపలి టీహెచ్20 మెషిన్ మాత్రం ఈ కాలంది. 80 గంటల పవర్ రిజర్వ్ ఇస్తుంది, జెనిత్ ఇచ్చేది 60. రోజూ వాడటానికి అదే మేలనొచ్చు. వింటేజ్ అన్న మాటకే డబ్బు పెడుతున్నానంటే నా ఓటు జెనిత్‌కే.

కొనేవాళ్లకి రెండు జాగ్రత్తలు. 50 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ అంటే చేతులు కడుక్కోవడం, వాన చినుకులు, అంతవరకే అనుకోండి. సర్వీసింగ్ ఖర్చు ఎంతవుతుందో, ఎన్ని నెలలు పడుతుందో కొనేముందే షోరూమ్‌లో అడగండి. బెల్టు మార్పించడానికి జహీరాబాద్ షాపు చాలు, వెనక మూత మాత్రం అక్కడ తీయించొద్దు.