పరిశోధనకు నిధులున్నాయి.. దారి తెలియాలి
పీహెచ్‌డీ విద్యార్థికి నెలనెలా భత్యం, కొత్త అధ్యాపకునికి రూ.60 లక్షల వరకు గ్రాంటు

బుగ్గారం: ఎమ్మెస్సీ పూర్తిచేసిన విద్యార్థి ఇంట్లో ఆ తరువాత వినిపించే ప్రశ్న ఒక్కటే- ఉద్యోగం ఎప్పుడు? పీహెచ్‌డీ చేస్తాననగానే మరో అయిదేళ్లు ఎవరు పోషించాలన్న చర్చ మొదలవుతుంది. గల్ఫ్ నుంచి వచ్చే సొమ్ముపైనో, బీడీల కూలిపైనో, మరమగ్గంపైనో ఆధారపడిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆ చర్చ చాలాసార్లు చదువు ఆపేయడంతో ముగుస్తుంది. అర్హత సాధిస్తే పరిశోధక విద్యార్థికి ప్రభుత్వమే నెలనెలా భత్యం చెల్లిస్తుందన్న సంగతి తల్లిదండ్రులకే కాదు, పలువురు విద్యార్థులకూ తెలియదు. తెలిసేసరికి వయఃపరిమితి దాటిపోయిన సందర్భాలూ ఉంటాయి.

పరిశోధన అనగానే అదేదో దిల్లీ, బెంగళూరు వ్యవహారమని భావించనక్కరలేదు. జగిత్యాల పక్కనే పొలాసలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఉల్లికోడును తట్టుకునే 'జగిత్యాల సన్నాలు' (జేజీఎల్ 1798), 'పొలాస ప్రభ' (జేజీఎల్ 384), ఇటీవలి కాలంలో రైతులు విస్తృతంగా వేసిన జేజీఎల్ 24423 వరి రకాలు ఇక్కడి శాస్త్రవేత్తల కృషి ఫలితమే. కోరుట్లలో పశువైద్య కళాశాల, నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, కరీంనగర్‌లో 2008లో ఏర్పాటైన శాతవాహన విశ్వవిద్యాలయం అందుబాటులో ఉన్నాయి.

రెండూ ఒకటి కావు

ముందుగా ఒక తేడా గ్రహించాలి. ఫెలోషిప్ అంటే పరిశోధకుని పోషణకు నెలవారీ ఇచ్చే భత్యం. అది నేరుగా వ్యక్తికి చేరుతుంది. గ్రాంటు అంటే పరికరాలు, రసాయనాలు, ప్రయాణాలు, సహాయకుల జీతాల నిమిత్తం మంజూరయ్యే ప్రాజెక్టు సొమ్ము. ఇది సంస్థ ఖాతాకు వస్తుంది. ప్రతి రూపాయికి వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. ఫలానా లెక్చరరుకు అరకోటి వచ్చిందట అని ఊళ్లో చెప్పుకొన్నా, అందులో ఆయన జేబులోకి వెళ్లేది దాదాపు ఉండదు.

తొలి మెట్టు జేఆర్‌ఎఫ్

విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ప్రధాన ద్వారం సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. జాతీయ పరీక్షల సంస్థ (ఎన్‌టీఏ) నిర్వహించే ఈ పరీక్ష జూన్, డిసెంబరు విడతల పేరిట ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. తేదీలు మాత్రం తరచూ అటూ ఇటూ అవుతుంటాయి. రసాయన, జీవ, గణిత, భౌతిక శాస్త్రాలతో పాటు భూ, వాతావరణ, సముద్ర శాస్త్రాలకు కలిపి మరొకటి, మొత్తం అయిదు విభాగాలుంటాయి. 200 మార్కులు, మూడు గంటల సమయం. ప్రశ్నపత్రం ఆంగ్లం, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివినవారికి ఇదే పెద్ద అవరోధం. సబ్జెక్టు రాక కాదు, ప్రశ్న అర్థం కాక మార్కులు పోతాయి. తప్పు జవాబుకు మార్కుల కోత ఉన్నందున ఊహించి గుర్తించడమూ ప్రమాదమే.

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ఎంపికైతే తొలి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, ప్రగతిని నిపుణుల సంఘం సమీక్షించి సీనియర్ ఫెలోగా గుర్తించాక రూ.42 వేలు చెల్లిస్తారు. అంతకుముందు ఈ మొత్తాలు రూ.31 వేలు, రూ.35 వేలుగా ఉండేవి. దేశవ్యాప్తంగా పరిశోధక విద్యార్థులు ఆందోళనలు చేసిన తరువాత 2023లో పెంచి, ఆ ఏడాది జనవరి 1 నుంచి వర్తింపజేశారు. వసతిగృహం లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. అది నగరాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో చేరినవారికి ఎక్కువ, కరీంనగర్‌లో చేరినవారికి తక్కువ. పుస్తకాలు, రసాయనాల వంటి ఖర్చులకు ఏటా రూ.20 వేలు విడిగా ఉంటుంది. మొత్తం కాలపరిమితి అయిదేళ్లు.

అయితే పరీక్ష ఉత్తీర్ణత ఒక్కటే చాలదు. ఎంపిక పత్రం గడువు తీరేలోగా గుర్తింపు పొందిన సంస్థలో పీహెచ్‌డీ ప్రవేశం పొందాలి. గైడు దొరకక, ఖాళీ లేక ఫెలోషిప్‌ను వదులుకున్నవారు ఉన్నారు. అందువల్ల ఫలితాల కోసం ఎదురుచూడకుండా, పరీక్ష రాసిన వెంటనే ఆచార్యులకు లేఖలు రాయడం మేలు. జేఆర్‌ఎఫ్ చేజారినా నిరాశపడనక్కరలేదు. 2024-25 నుంచి నెట్‌లో పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత పొందే వర్గాన్నీ చేర్చారు. ఇలాంటివారికి నెట్ మార్కులకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. ఆ మార్కులు ఏడాదిపాటే చెల్లుతాయి.

వ్యవసాయ విద్యార్థులకు ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) గతంలో ఇచ్చిన జేఆర్‌ఎఫ్ పీహెచ్‌డీకి కాదు, పీజీ చదువుకు. అప్పట్లో పీహెచ్‌డీకి ఇచ్చింది ఎస్‌ఆర్‌ఎఫ్. పేరొకటే అయినా సీఎస్‌ఐఆర్ లెక్క వేరు, ఐకార్ లెక్క వేరు. పొలాస, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలల్లో డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారు ఈ విషయం గమనించాలి.

ఎస్సీ, ఓబీసీ విద్యార్థులకు జాతీయ ఫెలోషిప్‌లు నెట్ ఆధారంగానే లభిస్తాయి. ఏటా కొత్తగా ఎస్సీలకు 2 వేలు, ఓబీసీలకు వెయ్యి కేటాయిస్తున్నారు. ఎస్టీలకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే 750 ఫెలోషిప్‌లకు పీజీ మార్కులే ప్రాతిపదిక. నెట్ రాయనివారూ పోటీపడవచ్చు. మైనారిటీలకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవారికి నిలిపివేశారు. పాత కరపత్రాలు చూసి దీనిపై ఆశ పెట్టుకోరాదు.

ఇంటర్ నుంచే 'ఇన్‌స్పైర్'

కేంద్ర విజ్ఞాన, సాంకేతిక శాఖ 2008 డిసెంబరులో ప్రారంభించిన ఇన్‌స్పైర్ పథకం పాఠశాల స్థాయి నుంచి అధ్యాపక స్థాయి వరకు విస్తరించింది. ఇంటర్ బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి, ఇంజినీరింగ్, వైద్యం వైపు వెళ్లకుండా మౌలిక శాస్త్రాల్లో డిగ్రీ చేరినవారికి ఏటా రూ.80 వేల ఉపకార వేతనం దీని కిందిదే. ఎమ్మెస్సీలో విశ్వవిద్యాలయం మొదటి ర్యాంకు పొందినవారు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌తో నెట్ లేకుండానే పీహెచ్‌డీ చేయవచ్చు. భత్యం జేఆర్‌ఎఫ్‌తో సమానం. శాతవాహన వంటి చిన్న విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇది నిజంగా అనుకూలమైన నిబంధన. ఎందుకంటే మొదటి ర్యాంకు ఎక్కడైనా మొదటి ర్యాంకే.

ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్ మొత్తం వీటికంటే పెద్దది. 2018లో ప్రారంభించినప్పుడు నెలకు రూ.70 వేలతో మొదలై రూ.80 వేల వరకు పెరిగేలా, ఏటా మరో రూ.2 లక్షల పరిశోధన నిధితో రూపొందించారు. ఐఐటీలు, ఐఐఎస్‌సీలో వచ్చే అయిదేళ్లలో 10 వేల ఫెలోషిప్‌లు ఇస్తామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. మనకు చేరువలో ఉన్నది ఐఐటీ హైదరాబాద్. పోటీ మాత్రం తీవ్రం.

పీహెచ్‌డీ తరువాతే అసలు కష్టం

పట్టా చేతికొచ్చాక, శాశ్వత కొలువు దొరికేలోపు ఉండే రెండు మూడేళ్లలోనే ఎక్కువమంది పరిశోధనకు దూరమవుతారు. ఈ దశకు జాతీయ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. రెండేళ్ల కాలం, 35 ఏళ్ల వయఃపరిమితి, మహిళలకు, రిజర్వుడు వర్గాలకు సడలింపు. దీనికన్నా పై మెట్టు ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ. అయిదేళ్లపాటు నెలకు రూ.1.25 లక్షలు, ఏటా రూ.7 లక్షల పరిశోధన నిధి లభిస్తాయి. జీవ, వైద్య శాస్త్రాల వారికి బయోటెక్నాలజీ శాఖ, వెల్‌కమ్ ట్రస్టు ఉమ్మడిగా 2008లో నెలకొల్పిన ఇండియా అలయెన్స్ మరొక దారి. దాని కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

గ్రాంట్ల విషయంలో ఇటీవల వ్యవస్థే మారింది. 2008 చట్టంతో ఏర్పడిన సెర్బ్ (విజ్ఞాన, ఇంజినీరింగ్ పరిశోధన మండలి) స్థానంలో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ (ఏఎన్‌ఆర్‌ఎఫ్) వచ్చింది. దీని చట్టం 2023లో ఆమోదం పొంది, 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లోకి వచ్చింది. 2023-28 మధ్య రూ.50 వేల కోట్లు లక్ష్యం కాగా, అందులో ప్రభుత్వ వాటా రూ.14 వేల కోట్లు. మిగిలినది పరిశ్రమలు, దాతల నుంచి సమకూరాలన్నది ఆలోచన. కొత్త అధ్యాపకులకు సెర్బ్ రెండేళ్లకు రూ.30 లక్షల వరకు ఇచ్చిన స్టార్టప్ రీసెర్చ్ గ్రాంటుకు బదులుగా, 2024లో ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటును తెచ్చారు. మూడేళ్లకు రూ.60 లక్షల వరకు మంజూరుచేస్తారు. వయఃపరిమితి 42 ఏళ్లు.

ఇందులో ఒక షరతు మన ప్రాంతానికి చేదుగా తగులుతుంది. దరఖాస్తుదారు రెగ్యులర్ కొలువులో ఉండాలి. డిగ్రీ కళాశాలల్లోనూ, విశ్వవిద్యాలయాల్లోనూ పీహెచ్‌డీ పట్టాలతో ఏళ్ల తరబడి ఒప్పంద, అతిథి అధ్యాపకులుగా పనిచేస్తున్నవారికి ఈ తలుపు తెరుచుకోదు. ఇలాంటివారే అధికంగా ఉన్నచోట నిధి పెంచినంత మాత్రాన ప్రయోజనం పరిమితమే. నియామకాలు రాష్ట్రం చేతిలో, గ్రాంటు కేంద్రం చేతిలో ఉండగా ఈ ముడి విప్పేదెవరన్నది తేలని ప్రశ్న.

రెగ్యులర్ అధ్యాపకులకు మాత్రం మరో వెసులుబాటు ఉంది. కళాశాలలో ప్రయోగశాల అంతంతమాత్రమే అనుకునేవారి కోసం 'టేర్' పథకాన్ని రూపొందించారు. సొంత కొలువులో కొనసాగుతూనే ఏడాదిలో కొంతకాలం ఐఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం లేదా జాతీయ ప్రయోగశాలలో పనిచేయవచ్చు. గ్రాంటులో సగం ఆ సంస్థకు, సగం సొంత కళాశాలకు చేరుతుంది. జగిత్యాల నుంచి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి సీసీఎంబీ, ఐఐసీటీ వంటిచోట్ల పనిచేయాలనుకునేవారికి ఇంతకంటే అనువైనది లేదు. కుటుంబ కారణాలతో చదువుకు విరామం ఇచ్చిన మహిళలకు విజ్ఞాన, సాంకేతిక శాఖ 'వైజ్-కిరణ్' పేరిట ప్రత్యేక ఫెలోషిప్‌లు ఇస్తోంది.

పత్రికల్లో తరచూ కనిపిస్తున్న లక్ష కోట్ల పరిశోధన నిధి గురించి కూడా ఒక మాట. 2025 జులైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ పథకం ప్రైవేటు రంగానికి దీర్ఘకాలిక చౌక రుణాల కోసం ఉద్దేశించింది. పీహెచ్‌డీ విద్యార్థికి, కళాశాల అధ్యాపకునికి దానితో సంబంధం లేదు.

ప్రతిపాదనలో ఏముండాలి

ప్రతిపాదనను చదివేది ఆ రంగం నిపుణులే. సాధారణంగా వెనక్కి వచ్చేవి విశాలమైన శీర్షికలతో రాసినవి. 'పసుపులో ఔషధ గుణాల అధ్యయనం' అంటే ఎవరూ పట్టించుకోరు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు పసుపులో దుంపకుళ్లుకు కారణమయ్యే శిలీంధ్రాలు ఏ నేలలో, ఏ నెలలో, ఎంత తేమ వద్ద విజృంభిస్తున్నాయో మూడేళ్లలో తేల్చుతామంటే అది ప్రశ్న. సిరిసిల్ల అద్దకం పరిశ్రమ వదిలే రంగునీటి శుద్ధి, జగిత్యాల మామిడిలో కోత అనంతర నష్టం కూడా ఇటువంటివే. ఇక్కడివారికి ఉన్న అనుకూలత ఏమిటంటే నమూనా ఊరి పొలిమేరలోనే దొరుకుతుంది. అడిగిన ప్రతి పరికరం ఎందుకో రాయాలి. సమీప విశ్వవిద్యాలయంలో ఉన్న యంత్రాన్నే మళ్లీ కోరితే కోత తప్పదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే అయినా సంస్థ అధిపతి సంతకంతో అంగీకార పత్రం జతచేయాలి. చివరి రోజున ప్రిన్సిపల్ సెలవులో ఉంటే ఆ విడత పోయినట్లే. ఓబీసీ అభ్యర్థులు మరొకటి చూసుకోవాలి. రాష్ట్ర బీసీ పత్రం కేంద్ర పథకాలకు చెల్లదు. మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దారు నుంచి కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. నెట్ ప్రకటన వెలువడక ముందే ఆ జాబితాలో తమ కులం పేరు సరిచూసుకుని, పత్రం సిద్ధంగా ఉంచుకోవాలి.