ఇంటిని మోసే ఇరుసులు

అమెరికాలో పికప్ ట్రక్కు తొట్టిలో దించి బిగించుకునే చిన్న ఇంటిని ట్రక్ క్యాంపర్ అంటారు. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇలాంటి బండిలోనే దేశం చుట్టి వచ్చాడు. ఆ బండిని కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఆయన పేరిట ఉన్న కేంద్రంలో ఇప్పటికీ చూడవచ్చు. నేటి పెద్ద క్యాంపర్లలో స్నానాలగది, ఫ్రిజ్, బయటికి జరిగే గోడలు కూడా ఉంటాయి. వాటిలో కొన్ని ఖాళీగానే 2,000 కిలోల దాకా తూగుతాయి. అంత బరువుకు తగిన ట్రక్కును ఎంచుకోవడం ప్రాణభద్రతకు సంబంధించిన విషయం. అందుకే ముందు క్యాంపర్‌ను తేల్చుకుని, ఆ తర్వాతే దానికి సరిపడే ట్రక్కును వెతకాలి.

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఇంజను శక్తి, లాగగలిగే బరువు. కానీ లాగడం వేరు, మోయడం వేరు. ట్రెయిలర్ బరువును చాలావరకు దాని చక్రాలే భరిస్తాయి, ట్రక్కు మీద పడేది కొంత భాగమే. క్యాంపర్ అలా కాదు, దాని బరువంతా ట్రక్కు స్ప్రింగుల మీద, ఇరుసుల మీద, టైర్ల మీద పడుతుంది.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో ఆ బండికే ప్రత్యేకంగా లెక్కకట్టి దాని మీద అచ్చువేస్తారు. కరపత్రంలోని గరిష్ఠ సంఖ్య సాధారణంగా ఒకే వరస సీట్లున్న తేలికపాటి నమూనాది కాబట్టి చీటీనే నమ్మాలి. ఉదాహరణకు, మొత్తం బరువు 6,350 కిలోలు మించకూడని ట్రక్కు నాలుగు తలుపులు, డీజిల్ ఇంజనుతో ఖాళీగా 3,800 కిలోలు తూగిందనుకుందాం. అది మోయగలిగేది 2,550 కిలోలు. క్యాంపర్ 2,000, ట్యాంకులో 200 లీటర్ల నీళ్లు 200, బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు, వంట సరుకులు, బట్టలు మరో 200, నలుగురు మనుషులు 300. మొత్తం 2,700. అంటే బయలుదేరక ముందే పరిమితి దాటిపోయింది. డీజిల్ ఇంజను ఘాట్‌లో బాగా ఎక్కుతుంది, నిజమే. కానీ అది పెట్రోలు ఇంజను కంటే బరువు, ఆ మేరకు మోసే శక్తి తగ్గుతుంది. లెక్క బొటాబొటీగా ఉన్నప్పుడు పెట్రోలు ఇంజనే మేలని నా అభిప్రాయం.

మొత్తం బరువు సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. అది ఎక్కడ పడుతుందన్నది అంతకంటే ముఖ్యం. ఎడ్లబండిలో వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. ఇక్కడ పనిచేసేదీ అదే తులాదండ సూత్రం. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 4.5 మీటర్లు, సామానుతో సహా క్యాంపర్ బరువు 2,400 కిలోలు అనుకుందాం. దాని గురుత్వ కేంద్రం వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుంటే, ముందు ఇరుసు మీద 160 కిలోలు, వెనక ఇరుసు మీద 2,240 కిలోలు పడతాయి. అదే 30 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే వెనక ఇరుసు మీద 2,560 కిలోలు పడి, ముందు ఇరుసు మీద ఉన్న భారంలోంచి 160 కిలోలు తగ్గిపోతాయి. స్టీరింగు తిప్పేది, బ్రేకులో పెద్ద వాటా మోసేది ముందు చక్రాలే. అవి తేలికైతే తడి రోడ్డు మీద బండి మాట వినదు. అందుకే క్యాంపర్ గురుత్వ కేంద్రం ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చో ట్రక్కు తయారీదారు కొలతలతో చెప్పాలని అక్కడి సమాఖ్య నిబంధన. నీళ్ల ట్యాంకు నిండినా, ఖాళీ అయినా ఈ కేంద్రం కొంత జరుగుతుందని గుర్తుంచుకోవాలి.

ఇక టైర్లు. ఖాళీ ట్రక్కు వెనక ఇరుసు మీద సుమారు 1,600 కిలోలుంటే, క్యాంపర్‌తో అది 3,840 అవుతుంది. మనుషుల బరువులో వెనక్కి పడే వాటా దీనికి అదనం. 125 భార సూచిక ఉన్న టైరు 1,650 కిలోలు మోస్తుంది. అలాంటివి రెండు కలిసినా 3,300 కిలోలే. కాబట్టి వెనక ఇరుపక్కలా జంట టైర్లున్న ట్రక్కు తప్పదు. జంటలో రెండు టైర్లూ భారాన్ని సరిసమానంగా పంచుకోవు కనుక ఒక్కో దానికి పరిమితి తగ్గిస్తారు. అయినా 118 సూచిక గల నాలుగు టైర్లు కలిసి 5,280 కిలోలు మోస్తాయి. పైగా బయటి టైర్ల వల్ల ఆధారం వెడల్పవుతుంది. క్యాంపర్ గురుత్వ కేంద్రాన్ని పైకి లేపుతుంది కాబట్టి, మలుపుల్లో, పక్కగాలిలో బోల్తా పడకుండా ఆ వెడల్పే కాపాడుతుంది.

వెనక స్ప్రింగులకు తోడుగా గాలి సంచులు బిగిస్తే బండి వంగకుండా నిలబడుతుంది. అంతే తప్ప ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు బలపడవు, చీటీ మీది పరిమితి మారదు.

అక్కడి హైవేల పక్కన లారీలు ఆగేచోట ఇరుసులను విడివిడిగా తూచే కాటాలుంటాయి. కొన్న ట్రక్కును ఇంధనం నింపి ఒకసారి, క్యాంపర్, నీళ్లు, సామాను, మనుషులతో మరోసారి కాటా వేయించాలి. రెండోసారి ముందు ఇరుసు తూకం తగ్గిందంటే బరువైన సామాను ముందుకు జరిపి మళ్లీ తూయాలి. అప్పటికీ తక్కువే చూపిస్తే ఆ క్యాంపర్ ఆ ట్రక్కుకు పనికిరాదు.