రాజీ కుదిరింది సరే, ఖర్చులెవరివి?

గట్టు జరిపారనో, బోదె నీళ్లు మళ్లించారనో దావా పడుతుంది. ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగాక పెద్దమనుషులు ఇరువర్గాలనూ కూర్చోబెడతారు. పొలం సంగతి తేలుతుంది. కాని ఇంతవరకూ అయిన ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర మళ్లీ మాట పెరుగుతుంది. కుదిరిన రాజీ అక్కడే బెడిసికొడుతుంది.

విచారణ జరిగి తీర్పు వస్తే ఈ చిక్కు తక్కువ. సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం సాధారణంగా ఓడినవారే గెలిచినవారి ఖర్చులు ఇచ్చుకోవాలి. అలా ఇప్పించకపోతే కారణం జడ్జి రాయాలి. విచారణ లేకుండా ముగిసిన కేసులో గెలుపు ఓటములు తేలవు. కనుక కేసు ఏ దారిన ముగిసిందో చూడాలి.

వదులుకుంటే

వాది తనంతట తాను దావా వదులుకుంటే ప్రతివాది ఖర్చులు ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు. కోర్టు అనుమతి లేకుండా వదులుకుంటే అదే విషయమై మళ్లీ దావా వేయడానికి వీలుండదు.

వాయిదాకు ప్రతివాది వచ్చి వాది రాకపోతే దావా కొట్టివేస్తారు. తగిన కారణం చూపితే తిరిగి తీసుకోవచ్చు. అయితే అందుకు ఖర్చులు కట్టమనవచ్చు.

వాది మరణిస్తే వారసులు 90 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. లేకుంటే దావా పోతుంది. పైగా ప్రతివాది కోరితే అతని ఖర్చులను చనిపోయిన వాది ఆస్తి నుంచి కోర్టు ఇప్పించవచ్చు. ఈ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

రాజీ పడితే

రాజీ కాగితం మీద ఉండాలని, ఇరుపక్షాలూ సంతకాలు చేయాలని 1976 సవరణ చెబుతోంది. ఖర్చులు ఎవరు భరించేదీ అందులోనే రాసుకోవాలి. రాయకపోతే 'ఎవరి ఖర్చులు వారివే' అని ముగియడం మామూలు. రచ్చబండ దగ్గర నోటితో ఇచ్చిన మాట కోర్టులో నిలవడం కష్టం.

దావా వేసేటప్పుడు కట్టిన కోర్టు ఫీజు సంగతి వేరు. లోక్ అదాలత్‌లో కేసు పరిష్కారమైతే ఆ ఫీజు వాపసు వస్తుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ఈ వీలు కల్పించింది. అక్కడి అవార్డుపై అప్పీలు లేదు కనుక చదివించుకుని సంతకం చేయడం మంచిది. కోర్టు బయట తమలో తాము రాజీపడినా ఫీజు వాపసు ఇవ్వాలని తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఇక్కడ ఎంత వస్తుందో ప్లీడరును ముందే అడగాలి.

ప్లీడరుకు ఇచ్చిన ఫీజు, బస్సు చార్జీలు, పోయిన కూలి పూర్తిగా తిరిగి రావు. ఖర్చులు ఇప్పించినా ప్లీడరు ఫీజును నిబంధనల లెక్క ప్రకారమే వేస్తారు.

స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఇతర పేదలకు ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీలో దరఖాస్తు చేసుకోవచ్చు. దావా వేయకముందే అక్కడికి వెళితే, తరువాత ఎవరు కట్టాలన్న తగవులో సగం తగ్గుతుంది.