బూడిద గోడకు పాత టేకు దర్వాజ

మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. వంద కిలోలు మండిస్తే సుమారు 30 నుంచి 40 కిలోలు బూడిదగానే మిగులుతుంది. 1983లో మొదటి యూనిట్‌తో మొదలై 2,600 మెగావాట్లకు పెరిగిన రామగుండం ఎన్టీపీసీ, దాని పక్కనే వచ్చిన 1,600 మెగావాట్ల తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రం రోజూ మండించేది ఇలాంటి బొగ్గునే. ఆ బూడిదలో ఎక్కువ భాగం పొగతోపాటు పైకి లేచే మెత్తని పొడి. చిమ్నీ దాటకముందే దాన్ని యంత్రాలతో పట్టి ఆపుతారు. ఎవరూ తీసుకుపోనిది నీళ్లలో కలిసి కుందనపల్లి బూడిద చెరువుకు చేరుతుంది. ఎండాకాలంలో చెరువు పైపొర ఆరి గాలి లేచిందంటే అదంతా చుట్టుపక్కల ఊళ్ల ఇళ్ల మీద పడుతుంది. ఇంటి మీద పడే ఆ బూడిదే ఇంటి గోడ కూడా కాగలదు.

బూడిదలో ఉండే సిలికా, అల్యూమినా తమంతట తాము గట్టిపడవు. సున్నం, నీరు తోడైతే మాత్రం సిమెంటులో పుట్టే బంకపదార్థం లాంటిదే వాటిలోనూ పుట్టి, నెమ్మదిగా రాయిలా బిగుస్తుంది. ఈ గుణానికి జిప్సం కూడా జతచేసి, బట్టీలో కాల్చకుండానే ఇటుక చేసే 'ఫాల్-జి' పద్ధతిని విశాఖపట్నానికి చెందిన ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ రూపొందించారు. ఫ్లైయాష్, లైమ్, జిప్సం అనే మూడు పేర్ల కలయికే ఫాల్-జి. ఎరువుల కర్మాగారాల్లో వ్యర్థంగా మిగిలే జిప్సం కూడా దీనికి పనికొస్తుంది. సున్నానికి బదులు సిమెంటు కలిపి చేసే ఇటుకలూ ఉన్నాయి. ఏ రకమైనా అచ్చు తీశాక రెండు మూడు వారాలు నీళ్లతో తడపాలి. బలమంతా ఆ తడిలోనే వస్తుంది.

పెద్దపల్లి చుట్టుపక్కల ఎర్ర ఇటుక బట్టీలు చాలా ఉన్నాయి. ఏటా ఒడిశా నుంచి కుటుంబాలు వలస వచ్చి వాటిలో మట్టి పిసుకుతాయి. ఆ మట్టి పొలాల పైపొర. ఒకసారి బట్టీకెక్కితే మళ్లీ పంటకు రాదు. అందుకే 1999 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల్లో బూడిద కలపడం తప్పనిసరి చేసింది. ఆ దూరం 2003లో 100, 2016లో 300 కిలోమీటర్లకు పెరిగింది. 2021 చివర్లో వచ్చిన నిబంధనలైతే వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం విధించాయి. ఎండితే పగుళ్లిచ్చే నల్లమట్టిలో బూడిద కలిపితే పగుళ్లు తగ్గుతాయి కాబట్టి బట్టీలకూ ఇది నష్టం కాదు.

బూడిద ఇటుక మీద అపనమ్మకం ఉంటే దానికి కారణం చాలాసార్లు తడి చాలని ఇటుకే. అచ్చు తీసిన వారానికే లారీకెక్కిన ఇటుకకు అంచులు రాలుతాయి, గిలాబు పట్టదు. రెండు ఇటుకలు తట్టి చూస్తే ఖంగుమనాలి, గోరుతో గీస్తే పొడి రాలకూడదు. ఒక రోజంతా నీటిలో నానబెడితే ఇటుక పీల్చే నీరు దాని బరువులో ఐదో వంతుకు మించకూడదు.

గోడకు ఇటుకతోపాటు ఇసుకా కావాలి. సింగరేణి బొగ్గు సంస్థ ఓపెన్‌కాస్టు గనుల పక్కన గుట్టలై పెరిగిన ఓబీ (ఓవర్‌బర్డెన్, బొగ్గు కోసం తవ్విపోసిన) మట్టిలో చాలా వరకు ఇసుకరాయే ఉంటుంది. దాన్ని నలగ్గొట్టి, కడిగి బంకమట్టి వేరుచేస్తే ఇసుక వస్తుంది. భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలు పూడ్చడానికి సంస్థ ఇలాంటి ఇసుకను వాడుతోంది. గోదావరి ఇసుక మీద భారం ఆ మేరకు తగ్గుతుంది. ఇంటి పనికి వాడాలంటే ముందు మన్ను శాతం పరీక్షించాలి.

అన్నిటికంటే విలువైన సరుకు మాత్రం పాత ఇళ్లలోనే ఉంది. ఓపెన్‌కాస్టు గనులకో, శ్రీపాద ఎల్లంపల్లి జలాశయానికో ఊరు ఖాళీ చేసినప్పుడు ఇంటి కట్టెను విప్పి, ట్రాక్టర్లో వేసుకుని కొత్త జాగాకు తీసుకుపోవడం పల్లెవాళ్లకు తెలిసిన పనే. దూలాలు, దంతెలు, మొగరాలు, దర్వాజలు, గూన పెంకులు ఒక్కొక్కటిగా దించుతారు. దశాబ్దాలపాటు ఆరిన టేకు ఇక వంకర తిరగదు. అంత లావు చేవ ఈనాటి కలప అడితిలో దొరకడం కష్టం. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడలోని రాయి, ఇటుక చెక్కుచెదరకుండా ఊడివస్తాయి. సిమెంటు గోడ అలా కాదు, ఇటుక కంటే సిమెంటే గట్టి కాబట్టి విప్పబోతే ఇటుకే విరుగుతుంది. ఎక్కువసార్లు విప్పి కట్టగలిగే ఇల్లు కావాలనుకుంటే సున్నం వైపు మళ్లీ చూడక తప్పదు. జేసీబీ ఒక పూటలో నేలమట్టం చేసే ఇంటిని మనుషులు విప్పడానికి రోజులు పడతాయి. ఆ కూలి ఖర్చు కట్టెలోనే తిరిగి వస్తుంది.

పాత కట్టెను నేరుగా వాడకూడదు. మేకులన్నీ పీకి, సుత్తితో తడుతూ పోతే చెద తిన్నచోట బోలు శబ్దం వస్తుంది. అక్కడివరకు కోసేసి చెదమందు పూయాలి. పాత ఇళ్ల సిమెంటు రేకులు మాత్రం వదిలేయాల్సిన సరుకు. పాతవాటిలో చాలా వరకు ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినా పగలగొట్టినా లేచే నార ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణాంతక జబ్బులు తెస్తుంది. దించక తప్పకపోతే తడిపి, ముక్కలు కానివ్వకుండా దించాలి.

కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ ఇలా విప్పి తెచ్చిన పాత సరుకుతోనూ అందమైన ఇళ్లు కట్టి చూపించారు. గోడ మధ్య ఖాళీ వదిలి ఇటుకలను నిలువుగా పేర్చే ఆయన పద్ధతిలో దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, లోపలి గాలి ఎండ వేడిని ఆపుతుంది. స్లాబులో బరువు మోయని అడుగు భాగంలో కాంక్రీటుకు బదులు పాత పెంకులు పెట్టడం ఆయన వాడిన మరో ఉపాయం. వేసవిలో ఉడికిపోయే గోదావరిఖనిలో ఈ రెండూ బాగా పనికొస్తాయి.

ఇలాంటి ఇంటి పని క్రమం కూడా వేరు. మామూలుగా ప్లాన్ గీశాక సామాను కొంటారు. ఇక్కడ దర్వాజలు, కిటికీలు, దూలాలు ముందు చేతికి రావాలి. దూలం పొడవును బట్టి గది వెడల్పు, చౌకట్టు కొలతను బట్టి గోడలో సందు నిర్ణయమవుతాయి. కాబట్టి సుతారి మేస్త్రి పునాది ముగ్గు పోయకముందే, విప్పి తెచ్చిన ప్రతి కట్టెనూ టేపుతో కొలిచి చీటీ రాసి పెట్టుకోవాలి.